పాత రేవుల చరిత్ర: ఊరి మాటకూ కాగితానికీ పొంతన కుదరనప్పుడు ఏం చేస్తున్నారు?

చర్చ ప్రారంభించినవారు
ఆంధ్ర తీరంలో మోటుపల్లి నుంచి కోరంగి వరకు పాత రేవుల వివరాలు సేకరిస్తున్నాను. పెద్దలు చెప్పే సంగతులకూ, యూరప్ వర్తక కంపెనీల కాగితాలకూ తేదీలు కలవని చోట మీరు దేనిని నమ్ముతున్నారో తెలియజేయగలరు.

శాసనాల పాఠకుడు
మోటుపల్లి వరకు మీకు రాతి ఆధారమే ఉంది. కాకతీయ గణపతిదేవుని అభయశాసనం, తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారనీ, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే విడిచిపెడుతున్నాననీ చెబుతుంది. అది శక సంవత్సరం 1166, అనగా సా.శ. 1244-45. శాసనాల ఫొటోలు పంచుకునేవారు ఉదయమో సాయంత్రమో ఏటవాలు వెలుగులో తీయాలని నా మనవి. నడినెత్తి ఎండలో అరిగిన అక్షరాలు కనిపించవు.

మచిలీపట్నం అభ్యాసి
తేదీలు కలవకపోవడానికి చాలాసార్లు క్యాలెండరే కారణం. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకం ప్రారంభించింది. డచ్చివారు అంతకు కొన్నేళ్ల ముందే వచ్చారు. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండరునూ, ఇంగ్లీషువారు అంతకు ముందరి జూలియన్ క్యాలెండరునూ పాటించడం వల్ల, ఒకే ఓడ ఒకే రోజు రేవు చేరినా ఇద్దరి కాగితాల్లో పది రోజుల తేడా కనిపిస్తుంది. పైగా ఇంగ్లండులో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక, జనవరి, ఫిబ్రవరి నెలల ఉత్తరాలపై మన లెక్క కంటే ఒక ఏడాది వెనుకటి సంవత్సరం ఉంటుంది. దయచేసి కాగితంలో ఉన్న తేదీని ఉన్నట్టుగానే రాసి, సవరించినదాన్ని పక్కన విడిగా ఇవ్వండి. కలిపేస్తే తరువాతివారికి సరిచూసుకునే దారి మిగలదు.

కోరంగి ప్రాంత పరిశీలకుడు
ఊరి మాటను తక్కువ చేయవద్దు. కోరంగిని 1789లోనూ, మళ్లీ 1839 నవంబరులోనూ ఉప్పెనలు ముంచెత్తాయి. తరాలు మారేకొద్దీ ఆ రెండూ ఒకే కథగా కలిసిపోవచ్చు. అందుకే పెద్దలను సంవత్సరం అడగను. నీళ్లు ఏ గుడి దాకా వచ్చాయని విన్నారు, ఓడలు కట్టే కుటుంబాలు తరువాత ఎటు తరలిపోయాయి అని అడుగుతాను. కంపెనీ గుమాస్తా రాయని సంగతులు ఆ జవాబుల్లోనే ఉంటాయి. వాటిని వారి మాటల్లోనే, అనుమతి తీసుకుని రికార్డు చేయండి.

చర్చ ప్రారంభించినవారు
మీ అందరికీ కృతజ్ఞతలు. నా పట్టికలో మూల తేదీకీ, సవరించిన తేదీకీ, విన్న మాటకూ వేరువేరు గడులు పెట్టి, ముందుగా మచిలీపట్నం వివరాలను ఇక్కడే ఉంచుతాను.