లెవర్కూసెన్ ఓడని సీజన్ (2023-24): ఏ మ్యాచ్‌లు చూడాలి, అసలు జట్టు ఏది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఐపీఎల్ తప్ప వేరే లీగ్ పెద్దగా చూడలేదు, ఈమధ్యే జర్మనీ ఫుట్‌బాల్ లీగ్ బుందెస్‌లీగా మీద మనసు పోయింది. బేయర్ లెవర్కూసెన్ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా టైటిల్ కొట్టిందంటే పాత మ్యాచ్‌లు చూద్దామని కూర్చున్నాను. రెండు చోట్ల తికమక. ఫైనల్ ఎంత వెతికినా దొరకలేదు. పైగా ఒక్కో మ్యాచ్‌కి ఒక్కో జట్టు దిగుతోంది, గోల్‌కీపర్‌తో సహా! అసలు పదకొండు మంది ఎవరు? సెలవుల్లో చూడడానికి నాలుగైదు మ్యాచ్‌లు చెప్పగలరా?

జవాబు:
ఫైనల్ దొరకదండీ, ఎందుకంటే అది లేదు. ఐపీఎల్‌లోలాగా ప్లేఆఫ్స్ ఉండవు. 18 జట్లు, ఒక్కొక్కరితో ఇంట ఒకటి బయట ఒకటి, మొత్తం 34 మ్యాచ్‌లు. చివరికి పాయింట్లు ఎవరికి ఎక్కువుంటే వాళ్లదే టైటిల్. లెవర్కూసెన్ 28 గెలిచి, 6 డ్రా చేసుకుని 90 పాయింట్లు తెచ్చుకుంది. రెండో స్థానంలో ఉన్న స్టుట్‌గార్ట్‌కి 73. అందుకే ఇంకా ఐదు మ్యాచ్‌లు మిగిలుండగానే, 2024 ఏప్రిల్ 14న, టైటిల్ ఖాయమైపోయింది. వరసగా 11 ఏళ్లు బయర్న్ మ్యూనిక్ చేతిలో ఉన్న టైటిల్ అది.

ఇక జట్టు సంగతి. "అసలు పదకొండు" అని వెతకడం మానేయండి. లీగ్, జర్మన్ కప్ (ఓడితే ఇంటికే అనే దేశవాళీ టోర్నీ), యూరోపా లీగ్ (యూరప్ క్లబ్బుల రెండో స్థాయి టోర్నీ) కలిపి ఆ ఏడాది 53 మ్యాచ్‌లు ఆడారు. కోచ్ చాబీ అలోన్సో ప్రతి స్థానానికీ ఇద్దరిని సిద్ధంగా ఉంచుకున్నాడు. లీగ్‌లో గోల్‌కీపర్ కెప్టెన్ హ్రాడెట్స్కీ అయితే, యూరోపాలో ఎక్కువగా కోవార్. మధ్యలో గ్రానిట్ జాకా పక్కన ఓ రోజు పలాసియోస్, ఓ రోజు ఆండ్రిష్. ముందు వరసలో గోల్స్ కొట్టడానికి బోనిఫేస్, అతను జనవరిలో గాయపడితే షిక్. వెనక ముగ్గురిలో యోనాథన్ టా దాదాపు స్థిరం. అదే జనవరిలో టాప్సోబా, కొసూనూ ఆఫ్రికా కప్‌కి వెళ్లిపోయినా స్టానిషిచ్, ఇంకాపియే ఉన్నారు కాబట్టి గోడ కదల్లేదు.

మొదటిసారి చూసేటప్పుడు మీ కళ్లు రెండు పక్కలా ఉండాలి. ఎడమ గ్రిమాల్డో, కుడి ఫ్రింపాంగ్. పేరుకు డిఫెన్స్ నుంచి వచ్చేవాళ్లు, బంతి దొరగ్గానే అవతలి పెనాల్టీ బాక్స్‌లో ఉంటారు. గ్రిమాల్డో ఒక్క లీగ్‌లోనే 10 గోల్స్ కొట్టాడు. వాళ్లిద్దరి మధ్య ఖాళీలో తిరిగే కుర్రాడు ఫ్లోరియన్ విర్ట్స్.

ఇంకొకరి జవాబు:
మ్యాచ్‌లు నేను చెబుతాను. ముందు 2024 ఫిబ్రవరి 10, బయర్న్ మీద 3-0. మొదటి గోల్ స్టానిషిచ్‌ది, అప్పటికి అతను బయర్న్ నుంచే అప్పు మీద వచ్చిన ఆటగాడు! చివరి గోల్ ఫ్రింపాంగ్‌ది. బయర్న్ గోల్‌కీపర్ నోయర్ కార్నర్ కోసం ముందుకు వచ్చేస్తే, దూరం నుంచి ఖాళీ గోల్‌లోకి కొట్టాడు.

తర్వాత మార్చి 14, యూరోపా లీగ్‌లో కరాబాగ్ మీద. 0-2 వెనకబడి 3-2 గెలిచారు. ఆఖరి రెండు గోల్స్ షిక్‌వి, రెండూ 90 నిమిషాలు దాటాకే. ఆపైన టైటిల్ మ్యాచ్, బ్రేమెన్ మీద 5-0. విర్ట్స్ సగం ఆట అయ్యాక దిగి మూడు గోల్స్ కొట్టాడు. పైన చెప్పిన జట్టు లోతు అంటే ఇదే, అలాంటివాడు బెంచ్ మీద కూర్చున్నాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మే 9, యూరోపా లీగ్ సెమీఫైనల్లో రోమాతో 2-2. అక్కడ రెండు మ్యాచ్‌ల (లెగ్‌ల) గోల్స్ కలిపి చూస్తారు. మొదటి లెగ్ 2-0 గెలిచారు కాబట్టి 1-2తో ముగిసినా ఫైనల్‌కి వెళ్తారు. అయినా ఆగలేదు. 97వ నిమిషంలో స్టానిషిచ్ సమం చేశాడు. దాన్ని మాత్రం దాటవేయకుండా చివరి పావుగంట పూర్తిగా చూడండి. ఎవరూ సమయం గడపడం కోసం బంతి దాచుకోరు.

మళ్ళీ ప్రశ్న:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. మరి 53లో ఒక్కటీ ఓడలేదా? ఆ జట్టు ఇప్పటికీ ఉందా?

జవాబు:
ఒకటి ఓడారు. మే 22న డబ్లిన్‌లో యూరోపా ఫైనల్, అటలాంటా మీద 0-3. లుక్‌మన్ మూడూ కొట్టాడు. అది చూస్తే ఒళ్లు మండుతుంది, కానీ చూడండి. మూడు రోజులకే బెర్లిన్‌లో కైజర్‌స్లౌటర్న్ మీద జర్మన్ కప్ ఫైనల్. జాకా దూరం నుంచి కొట్టిన ఒక్క గోల్ నిలబడింది. కొసూనూ రెడ్ కార్డుతో వెళ్లిపోయాక సగం ఆటకి పైగా పదిమందితోనే కాచుకున్నారు. ఈ క్లబ్బు 2002లో లీగ్, కప్, చాంపియన్స్ లీగ్ మూడింట్లోనూ రెండో స్థానంతో సరిపెట్టుకుంది. అందుకే అభిమానులకు ఆ రాత్రి అంత విలువ.

జట్టు మాత్రం 2025 వేసవిలో చెదిరిపోయింది. అలోన్సో రియల్ మాడ్రిడ్‌కి, విర్ట్స్, ఫ్రింపాంగ్ లివర్‌పూల్‌కి, టా బయర్న్‌కి, జాకా సండర్లాండ్‌కి వెళ్లిపోయారు. ఇప్పటి మ్యాచ్‌లు చూసేటప్పుడు ఈ పేర్లు వెతక్కండి. పాతవి ముందు చూసేసి, కొత్త జట్టుని కొత్తగానే మొదలుపెట్టండి.