పిల్లకి 'విజువల్ లెర్నర్' అని రిపోర్టు ఇచ్చారు. ఇక పుస్తకం పక్కన పెట్టేయాలా?

విజయనగరం అమ్మ
మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, బైపీసీ. ఈమధ్య ఒక కోచింగ్ సెంటర్‌లో పిల్లలందరి చేతా ఓ ప్రశ్నపత్రం నింపించారు. కొత్త ఊళ్లో దారి తెలియకపోతే మ్యాప్ చూస్తావా, ఎవరినైనా అడుగుతావా, ఇలాంటి ప్రశ్నలు. మా పిల్ల 'విజువల్ లెర్నర్' అని తేల్చారు. దానికి వీడియో పాఠాలు, బొమ్మల నోట్సు అయితేనే సరిపడతాయట. ఆ ప్యాకేజీకి ఫీజు వేరే. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ రోజు నుంచి ఇది టెక్స్ట్‌బుక్ తెరవడం లేదు. "నాకు చదివితే ఎక్కదమ్మా, చూస్తేనే ఎక్కుతుంది" అంటోంది. నిజంగా ఒక్కో బుర్రకి ఒక్కో దారి ఉంటుందా?

సిక్కోలు టీచర్
ఉంటుంది మేడమ్. ఇది కోచింగ్ వాళ్లు కొత్తగా పుట్టించింది కాదు. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన 1987లో తయారు చేసిన ప్రశ్నావళి, పేరు వార్క్. చూసి నేర్చుకునేవాళ్లు, వినేవాళ్లు, చదివి రాసేవాళ్లు, చేతులతో చేసేవాళ్లు అని నాలుగు రకాలు. నేను ఎనిమిదో తరగతికి సైన్స్ చెబుతాను. పాఠం చెప్పినంతసేపూ దిక్కులు చూసే పిల్లాడు, మోటారు, బ్యాటరీ చేతికిస్తే గంట కొట్టినా లేవడు. అలాంటివాడికీ, ముందు బెంచీలో నోట్సు రాసుకునే అమ్మాయికీ ఒకే పద్ధతి అంటే ఎలా?

బొబ్బిలి లెక్కల మాష్టారు
అమ్మా, ఆ పిల్లాడికి మోటారు ఇష్టం. ఇష్టం ఉండటం వేరు, అలా చెబితేనే బాగా వస్తుందనడం వేరు. రెండోది నిజమో కాదో చూడాలంటే పరీక్ష ఒక్కటే. చూసేవాళ్లు, వినేవాళ్లు అని పిల్లల్ని విడదీయాలి. ఒక్కో గుంపులో సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో పాఠం చెప్పాలి. అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇవ్వాలి. చూసేవాళ్లకి బొమ్మలతో, వినేవాళ్లకి మాటలతో ఎక్కువ మార్కులు వస్తే ఒప్పుకోవాల్సిందే. 2008లో పాష్లర్ మరో ముగ్గురు సైకాలజిస్టులతో కలిసి ఉన్న పరిశోధనలన్నీ ఇదే కొలతతో చూశారు. ఇలా సరిగ్గా పరీక్షించినవే చాలా తక్కువ, వాటిలోనూ కొన్ని ఈ వాదానికి ఎదురు తిరిగాయి. స్కూళ్లలో ఈ పద్ధతి మీద ఖర్చు పెట్టడానికి తగిన ఆధారం లేదని తేల్చారు.

మీ అమ్మాయి బైపీసీ కాబట్టి ఇంకొకటి చెబుతాను. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీలో అనాటమీ విద్యార్థులతో ఇదే వార్క్ నింపించారు. 2019లో అచ్చయిన పరిశోధన అది. ఎక్కువమంది అసలు తమ రకానికి తగ్గట్టు చదవనే లేదు. చదివినవాళ్లకైనా మార్కులేమీ పెరగలేదు.

సిక్కోలు టీచర్
మరి హోవార్డ్ గార్డ్‌నర్ బహుళ ప్రజ్ఞల సిద్ధాంతం డీఎస్సీ సైకాలజీలో ఎందుకు చదివిస్తున్నారు మాష్టారూ?

బొబ్బిలి లెక్కల మాష్టారు
ఆయన 1983లో చెప్పింది తెలివితేటల్లో రకాల గురించి. అది లెర్నింగ్ స్టైల్స్, అంటే మనం మాట్లాడుకుంటున్న ఈ చూసేవాళ్లు, వినేవాళ్లు అనే రకాలు కాదు, రెండింటినీ కలపొద్దు అని తర్వాత ఆయనే రాశాడు. గైడు పుస్తకాలవాళ్లు ఆ సంగతి వేయరు.

వయొలిన్ విద్యార్థి
నేను మన విజయనగరం సంగీత కళాశాలలో చదువుతున్నాను. 1919లో మొదలైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న కాలేజీ. వయొలిన్ మీద గమకం పలకాలంటే గురువుగారి వాయిద్యం వినాలి, వేలు ఎలా జారుతోందో చూడాలి, మనం పట్టుకుని వాయించాలి. "నేను విజువల్, వినను" అంటే కుదరదు కదా. ఏ దారో విద్యే చెబుతుంది, మన రకం కాదు.

డీఎస్సీ తమ్ముడు
ఈ మాట బాగుంది! తెలుగు ఛందస్సే చూడండి. ఉత్పలమాల గణాలు 'భరనభభరవ' అని అందరూ నోటితోనే పట్టుకుంటారు. పద్యం ఇచ్చి గణవిభజన చేయమంటే కాగితం మీద గురువులు, లఘువులు గుర్తు పెట్టాల్సిందే. అదే వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తాయంటే ఎన్నిసార్లు విన్నా తికమకే, మ్యాప్ గీస్తే వదలదు. మనిషి ఒక్కడే, పాఠాన్ని బట్టి పద్ధతి మారుతోంది.

నేను పట్టుకున్న పద్ధతి మాత్రం ఒకటుంది అక్కా. పుస్తకం మూసేసి గుర్తున్నది రాయడం. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో చేసిన ప్రయోగం చూడండి. ఒక గుంపు పాఠాన్ని మళ్లీ చదివింది, ఇంకో గుంపు చూడకుండా రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం ఆగి అడిగితే వాళ్లకి గుర్తున్నది 42 శాతం, చూడకుండా రాసినవాళ్లకి 56. మన టెన్షన్ అంతా ఇక్కడే ఉంది. నాలుగుసార్లు చదవగానే వచ్చేసినట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో పేరే తట్టదు. వీడియోతోనూ అంతే. పైగా వాడు చకచకా చెబుతుంటే మనకే వచ్చినట్టు ఉంటుంది.

సిక్కోలు టీచర్
మీరంతా చదువు అలవాటు ఉన్నవాళ్లు. పుస్తకం అంటేనే భయపడే పిల్లకి "మూసి రాయి" అంటే ఇంకా పారిపోతుంది. నాకో పద్ధతి ఉంది అనుకుంటే కనీసం కూర్చుంటుంది కదా? అక్షరాలు తారుమారుగా కనిపించే పిల్లలు, సరిగా వినబడని పిల్లలు కూడా మా క్లాసులో ఉన్నారు. అందరికీ ఒకటే అంటే ముందు నష్టపోయేది వాళ్లే.

బొబ్బిలి లెక్కల మాష్టారు
వినబడని పిల్లకి చెవి డాక్టరు, డిస్లెక్సియా ఉన్న పిల్లకి దాని గురించి తెలిసిన టీచరు కావాలి. మ్యాప్ చూస్తావా, దారి అడుగుతావా అనే ప్రశ్నలతో అవి బయటపడవు. కూర్చోబెట్టడానికి వీడియో చూపించమనే నేనూ అంటాను. కానీ "నాకు చదివితే ఎక్కదు" అని పదహారేళ్ల పిల్ల నోట వచ్చిందంటే, ఆ రిపోర్టు ఓ తలుపు మూసినట్టే. రేపు నీట్‌లో ప్రశ్న వీడియోలో రాదు, చదవాల్సిందే.

విజయనగరం అమ్మ
నిన్న గుండె పాఠం వీడియో చూశాక ఫోన్ తీసుకుని, బొమ్మ గీయమన్నాను. నాలుగు గదులూ గీసింది. కవాటాలు ఎక్కడుంటాయో తెలియలేదు. కాసేపు అలిగి, తనే టెక్స్ట్‌బుక్ తీసి చూసుకుంది. ఇంకా వీడియోలే మేలంటోంది, అది వేరే సంగతి. సోమవారం ప్యాకేజీ ఫీజు అడుగుతారు. ఏమని చెప్పమంటారు?

బొబ్బిలి లెక్కల మాష్టారు
ప్యాకేజీ తీసుకున్న 'విజువల్' పిల్లలకీ, తీసుకోని 'విజువల్' పిల్లలకీ ఒకే పరీక్ష పెట్టి ఆ మార్కులు చూపించమనండి. చూపిస్తే అప్పుడు ఫీజు గురించి మాట్లాడవచ్చు.