జాజ్‌తో మ్యూజిక్ టీచర్ డిగ్రీ: మనవైపు నుంచి ఎవరైనా చేశారా?

కర్నూలు కీబోర్డు: చర్చిలో వాయిస్తా, సాయంత్రాలు పిల్లలకు నేర్పిస్తా. జాజ్ (అమెరికాలో పుట్టిన సంగీతం) ప్రధానంగా మ్యూజిక్ టీచింగ్ డిగ్రీ చేయాలనుంది. నాన్నేమో "బీఈడీ చెయ్, డీఎస్సీ రాయి" అంటాడు. కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) చెవితో విని పట్టేస్తా, కానీ నోటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చదవలేను.

అనంతపురం గిటార్: ముందు నోటేషన్ నేర్చుకో తమ్ముడూ. అమెరికాలో ఈ డిగ్రీ మామూలుగా 4 ఏళ్లు. చేరేముందు ఆడిషన్, చివర్లో బడిలో పాఠాలు చెప్పాలి. అక్కడి ప్రభుత్వ బడిలో ఉద్యోగానికి రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ కావాలి. బాస్టన్‌లోని బర్క్లీ మ్యూజిక్ కాలేజీ ఫీజు చూస్తే మాత్రం కళ్లు తిరుగుతాయి.

కడప వయొలిన్: మన కచేరీల్లో కల్పనస్వరాలు విన్న చెవికి జాజ్‌లోని ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లి వాయించడం) మరీ కొత్తేం కాదు. ఇబ్బందంతా కార్డ్స్ మారేచోటే. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్: ఈ కార్డ్స్ వరసను 12 కీల్లోనూ (శ్రుతుల్లోనూ) వాయించు. కీబోర్డు శ్రుతిని దానంతట అదే మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ముట్టుకోవద్దు!

కర్నూలు కీబోర్డు: మా పాస్టరుగారు వారానికో శ్రుతిలో అందుకుంటారక్కా, ఆ బటన్ లేకుండా ఎట్లా?