లండన్‌ కాలువ మీద పడవలో కాపురం: ఖర్చు నిజంగా తగ్గుతుందా?

అందరికీ నమస్కారం. మేమిద్దరం లండన్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. జీతంలో సగం అద్దెకే పోతోంది. పాత నేరోబోటు (కాలువల్లో తిరిగే సన్నటి, పొడవాటి పడవ) కొని అందులోనే ఉందామని మా ఆయన పట్టు. మా అమ్మకి చెబితే "రేవు దాటడానికే వణికేదానివి, ఇప్పుడు పడవలో కాపురమా?" అంది.

సొంత మూరింగ్ (పడవ కట్టేసుకునే శాశ్వత స్థలం) లేకపోతే ఒకేచోట 14 రోజులకు మించి ఆపకూడదని తెలుసు. కాలువల్ని చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ లైసెన్సు, ఇన్సూరెన్సు, నాలుగేళ్లకోసారి సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. మూరింగ్ లేనివాళ్లకి 2024 ఏప్రిల్ నుంచి లైసెన్సు మీద అదనపు రుసుము కూడా పడుతోంది. రెండు మూడేళ్లకోసారి పడవని పైకి తీయించి అడుగున నల్లరంగు వేయించాలట.

ఇవి కాగితం మీద లెక్కలు. ఉంటున్నవాళ్లు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. చలికాలంలో పొయ్యి బొగ్గుకీ, డీజిల్‌కీ, గ్యాస్ సిలిండర్లకీ కలిపి నెలకి ఎంతవుతోంది? జనవరిలో సోలార్ పలకలతో రెండు లాప్‌టాప్‌లు నడుస్తాయా, లేక బ్యాటరీల ఛార్జింగ్ కోసం రోజూ ఇంజన్ వేయాల్సిందేనా? క్యాసెట్ టాయిలెట్ మనమే మోసుకెళ్లి పారబోయాలి కదా, పంపుతో తోడించుకునే పంపౌట్ ట్యాంకు మేలా? (ఇది అడగడానికి సిగ్గుగానే ఉంది, కానీ నాకు అసలు భయం ఇదే.) ఏడడుగులు కూడా లేని వెడల్పులో రోజూ పోపు పెడితే, అన్నం వండితే ఆ ఆవిరంతా గోడలకి పట్టి బూజు వస్తుందా?

ఇంకోటి, బ్యాంకుకీ వీసా ఉత్తరాలకీ ఏ చిరునామా ఇస్తున్నారు?

కొనేముందు సర్వే (నిపుణుడితో పడవ తనిఖీ) చేయించాక కూడా ఎదురైన ఖర్చులేవైనా ఉంటే దయచేసి రాయండి. వచ్చే నెలే ఒక పడవ చూడబోతున్నాం.