పెట్రోల్‌తో కార్బరేటర్ కడగొచ్చా, కడగకూడదా? మా సందులో మంట లేచింది, అందుకే అడుగుతున్నా

కర్రీపాయింట్ తమ్ముడు (మారతహళ్ళి)

అందరికీ నమస్కారం. మాది బెంగళూరు మారతహళ్ళిలో చిన్న కర్రీ పాయింట్. కరెంట్ పోతే ఫ్రిజ్ ఆగకూడదని ఒక చిన్న పెట్రోల్ జనరేటర్ పెట్టుకున్నాం. ఆరేడు నెలలు దాని అవసరం పడలేదు, ట్యాంకులో పెట్రోల్ అలాగే ఉండిపోయింది. మొన్న వానకి కరెంట్ పోయి తాడు లాగితే స్టార్ట్ అవ్వట్లేదు, చోక్ వేస్తే రెండు సెకన్లు ఆడి ఆగిపోతోంది. కార్బరేటర్ (ఇంజన్‌కి గాలి, పెట్రోల్ కలిపి పంపే భాగం) విప్పి చూస్తే, దాంట్లో పెట్రోల్ నిలిచే బౌల్ అడుగున తేనె గడ్డకట్టినట్టు పచ్చగా జిగురు.

సరే కడుగుదామని షాపు వెనక సందులో కూర్చున్నా. రెండు పక్కలా గోడలు, గాలి ఆడదు. స్టీలు గిన్నెలో అర లీటరు పెట్రోల్ పోసి పాత పళ్ళ బ్రష్‌తో రుద్దా. పొయ్యిలన్నీ ఆపేశా, సిలిండర్ కూడా కట్టేశా, నాకు సిగరెట్ అలవాటు లేదు, అంటే జాగ్రత్తగానే ఉన్నాననుకున్నా. స్లో జెట్‌లోకి (పెట్రోల్ వెళ్ళే సన్న బెజ్జం ఉన్న చిన్న ముక్క) గాలి కొడదామని కారు టైర్లకి వాడే చిన్న ఇన్‌ఫ్లేటర్‌ని గిన్నెకి జానెడు దూరంలో నేల మీద పెట్టి బ్యాటరీకి తగిలించి స్విచ్ వేశా. అంతే, భగ్గుమంది. మంట గిన్నెలో మొదలవ్వలేదు, అది నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది, ఇన్‌ఫ్లేటర్ దగ్గర పుట్టి నేల మీద నీలంగా పాకుతూ వచ్చి గిన్నెలోకి ఎక్కింది. పక్కనే పిండి గిన్నె మూత ఉంటే తీసి బోర్లించేశా, ఆరిపోయింది. మా ఆవిడ బకెట్‌తో నీళ్ళు తెస్తుంటే గట్టిగా అరిచి ఆపా, నీళ్ళు పోస్తే మండే పెట్రోల్ నీళ్ళ మీద తేలి సందంతా పారేది. చేతి మీద వెంట్రుకలు, ఒక కనుబొమ్మ సగం కాలిపోయాయి.

నా మాట ఏంటంటే ఇళ్ళల్లో, షాపుల్లో పెట్రోల్‌తో కడగడం మొత్తానికి మానేయాలి, కార్బ్ క్లీనర్ స్ప్రే కొనుక్కోవాలి. మాకు తెలిసిన మెకానిక్ మాత్రం నవ్వేస్తున్నాడు. మీరేమంటారు?

కలాసిపాళ్యం పాత మెకానిక్

ఏమప్పా, ముందు చెయ్యి ఎట్లుండాది? బొబ్బలు లేచుంటే పేస్టూ గీస్టూ పూయొద్దు, డాక్టర్‌కి చూపించు.

ఇంక నీ మాటకొస్తే నేను ఒప్పుకోను. నేను 1991లో పని నేర్చుకున్నప్పటి నుంచి పెట్రోల్‌తోనే కడుగుతా ఉండా. రోజుకి ఆరేడు కార్బరేటర్లు విప్పిన రోజులుండాయి, 2020 ఏప్రిల్‌లో బీఎస్ సిక్స్ పొగ రూల్సు వచ్చినాక కొత్త బండ్లు దాదాపు అన్నీ కార్బరేటర్ లేని ఇంజెక్షన్‌కి మారిపోయి ఇప్పుడు పని తగ్గింది గానీ. షెడ్డు ముందర గాలాడే చోట కూర్చొని కడుగుతాం, పని అయిపోతానే డబ్బాకి మూత పెట్టేస్తాం, ఒక్కసారి కూడా అంటుకోలేదు. నువ్వు సందులో కూర్చున్నావు చూడు, అది తప్పు. పక్కన మోటర్ పెట్టినావు, అది ఇంకా పెద్ద తప్పు. ఆ ఇన్‌ఫ్లేటర్ లోపల కార్బన్ బ్రష్షులుంటాయి, తిరిగినంతసేపూ నిప్పురవ్వలు వస్తానే ఉంటాయి. స్ప్రే అంటావా, ఒక కార్బరేటర్‌కి సగం డబ్బా ఖాళీ అయితాది, కస్టమర్ ఇచ్చేదే 250, అందులో 200 స్ప్రేకి పోతే నాకేం మిగలాల?

రంగుల ల్యాబ్ (పీణ్య)

నేను పెయింట్ల ల్యాబ్‌లో పని చేస్తా, పన్నెండేళ్ళుగా రోజంతా సాల్వెంట్ల (టిన్నర్ లాంటి కరిగించే ద్రవాల) మధ్యే, కాబట్టి ఇది చూసి ఊరుకోలేకపోయా. తమ్ముడూ, నువ్వు పెట్రోల్ మీద చెప్పింది నిజమే, కానీ స్ప్రే సేఫ్ అనుకుంటున్నావు చూడు, అక్కడే నాకు భయంగా ఉంది.

ఏ వేడి దగ్గర ఒక ద్రవం నుంచి అంటుకునేంత ఆవిరి పైకి వస్తుందో దాన్ని ఫ్లాష్ పాయింట్ అంటాం. పెట్రోల్‌కి అది మైనస్ 40 డిగ్రీల దగ్గర, అంటే ఫ్రీజర్‌లో పెట్టినా ఆవిరి వస్తూనే ఉంటుంది. ఇప్పుడు స్ప్రే డబ్బా వెనక చిన్న అక్షరాలు చదువు, చాలావాటిలో ఉండేది అసిటోన్, టోలీన్, జైలీన్. అసిటోన్‌ది మైనస్ 20, టోలీన్‌ది 4 డిగ్రీలు. హార్డ్‌వేర్ షాపులో ఇచ్చే టిన్నర్ కూడా ఇలాంటి సరుకే. పైగా డబ్బాలోంచి మందుని బయటికి తోసే గ్యాస్ చాలా బ్రాండ్లలో మన వంట గ్యాస్ జాతిదే. అదే సందులో అదే ఇన్‌ఫ్లేటర్ పక్కన స్ప్రే కొట్టినా నీకు అదే మంట వచ్చేది.

మంట నేల మీద పాకిందన్నావు కదా, అలాగే జరుగుతుంది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, పైకి పోదు, నీళ్ళలా కిందకి జారి పల్లంలో నిలుస్తుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు కలిస్తే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ పార్కింగ్‌లో కూర్చుని ఈ పని చేసేవాళ్ళని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

కిరోసిన్ ఫ్లాష్ పాయింట్ 35 పైన, అందుకే అది కాస్త నయం. అలాగని మిట్ట మధ్యాహ్నం డాబా మీద కూర్చోవద్దు, బెంగళూరులో 2016 ఏప్రిల్‌లో 39.2 డిగ్రీలు కొట్టింది, ఆ ఎండలో కిరోసిన్‌ని కూడా నమ్మడానికి లేదు.

ఆరెక్స్ హిందూపురం

అక్కా బాగా చెప్పారు కానీ కిరోసిన్‌తో ఎండిన జిగురు పోదు కదా, గ్రీజు, మట్టి, ఆయిల్ పోతాయి అంతే. అసలు ఈరోజుల్లో సిటీలో కిరోసిన్ దొరకడమే కష్టం. పెట్రోల్ కూడా ఆ జిగురు మీద సరిగ్గా పని చేయదు, పెట్రోల్‌లోంచి వచ్చిన జిగురే అయినా నెలల తరబడి ఎండి వార్నిష్‌లా అయిపోయాక మళ్ళీ పెట్రోల్‌లో కరగదు. నా యమహా ఆరెక్స్ హండ్రెడ్ బండి స్లో జెట్‌ని మూడు సార్లు పెట్రోల్‌తో కడిగినా వెలుతురుకి పెట్టి చూస్తే బెజ్జం కనపడలేదు, స్ప్రే రెండు సార్లు కొట్టి పది నిమిషాలు నాననిస్తే గుండ్రంగా వెలుగు కనపడింది.

కానీ స్ప్రేతో నాకూ ఒక దెబ్బ తగిలింది. మా అన్న 150 సీసీ బండిది డయాఫ్రం (పల్చటి రబ్బరు పొర) ఉన్న కార్బరేటర్, నేను రబ్బర్లు ఏమీ తీయకుండా మొత్తానికి కొట్టేశా. డయాఫ్రం ఉబ్బి అప్పడంలా వంకరపోయింది, మళ్ళీ దాని గాడిలో కూర్చోలేదు, జేసీ రోడ్డంతా తిరిగి కొత్తది తేవాల్సి వచ్చింది. అందుకే డయాఫ్రం, ఓ రింగులు, ఫ్లోట్, రబ్బరు ముక్కు ఉన్న నీడిల్ అన్నీ విప్పి పక్కన పెట్టాకే సాల్వెంట్ ముట్టుకోండి. వాటికి సబ్బు నీళ్ళు చాలు.

ఇంకోటి, బెజ్జంలో స్టీలు తీగ, గుండుసూది పెట్టకండి దయచేసి. జెట్ ఇత్తడిది, మెత్తన. 38 నంబర్ జెట్ అంటే బెజ్జం సుమారు 0.38 మిల్లీమీటర్లు, సూదితో గీకితే అది నలభై పైనే అవుతుంది, తర్వాత బండి జీవితాంతం పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసుకోండి, లేదా చేపల గాలం నైలాన్ తాడు.

వైట్‌ఫీల్డ్ జెన్‌సెట్ సర్వీస్

తమ్ముడూ బౌల్‌లో పచ్చ జిగురే ఉందా, తెల్ల పొడి కూడా ఉందా? ఎందుకంటే ఈ మధ్య మా దగ్గరకి వచ్చే చిన్న జనరేటర్లు, గడ్డి కోసే మిషన్లలో తెల్ల పొడి ఎక్కువ చూస్తున్నాం. ఈ20 పెట్రోల్‌ని 2023 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనే మొదలుపెట్టారు, అందులో 20 శాతం ఇథనాల్, అది గాలిలో తేమని లాగేస్తుంది, నెలల తరబడి ఊరికే నిలబెడితే నీరు అడుగుకి దిగి కార్బరేటర్ లోహాన్ని తినేస్తుంది. ఆ తెల్ల పొడి ఏ సాల్వెంట్‌కీ కరగదు, పెట్రోల్ పోసినా స్ప్రే కొట్టినా డబ్బులు దండగ. కొంతమంది నిమ్మరసంలో ఉడకబెడుతున్నారు, పొడి పోతుంది కానీ ఎక్కువసేపు ఉంచితే పులుపు లోహాన్ని కూడా తింటుంది, అలా బాడీ నల్లబడి వచ్చినవి మా బెంచీ మీద రెండున్నాయి.

మేము అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాలతో మురికి వదిలించే మిషన్) వాడతాం, గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా డిటర్జెంట్, ఇరవై నిమిషాలు. ఇక్కడ ఒక్క మాట, ఆ మిషన్‌లో నీళ్ళకి బదులు పెట్రోలో టిన్నరో పోయాలని ఎవరికైనా ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి, కింద హీటరు, కరెంటు ఉంటాయి.

కలాసిపాళ్యం పాత మెకానిక్

అల్ట్రాసోనిక్ అందరూ యాడ కొంటారప్పా. మేడం చెప్పిన ఆవిరి లెక్క మాత్రం ఒప్పుకుంటా, బేస్‌మెంట్‌లో నేనూ చెయ్యను. స్ప్రే గురించి ఒకటి చెప్పాల, మా కాడ పని నేర్చుకునే పిల్లోడు ఒక బెజ్జంలో స్ప్రే కొడితే అది ఇంకో బెజ్జంలోంచి తిరిగొచ్చి కంట్లో పడింది, పావుగంట కొళాయి కింద కడిగించి ఆసుపత్రికి తీస్కపోయినాం, దేవుడి దయ చూపు పోలేదు. కార్బరేటర్‌లో దార్లన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. కళ్ళద్దాలు లేకుండా ఎవురూ స్ప్రే పట్టుకోవద్దండి. పెట్రోల్ అయితే అట్ల ఎగిరి పడదు, అది నా మాట.

రంగుల ల్యాబ్ (పీణ్య)

పెద్దాయనా, కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతా. జెట్‌ని నోటితో ఊదుతారా? పెట్రోల్‌తో కడిగిన చేతుల్ని మళ్ళీ పెట్రోల్‌తోనే కడుక్కుంటారా? బీఎస్ సిక్స్ పెట్రోల్‌లో కూడా బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు, అది క్యాన్సర్ తెచ్చే రసాయనం అని తేలిపోయింది, చర్మం లోంచి, ఊపిరి లోంచి రెండు దార్లలోనూ లోపలికి వెళ్తుంది. ఎప్పుడో ఒకసారి కడిగే ఈ తమ్ముడి కంటే, రోజూ ముట్టుకునే మీ గురించి నాకు ఎక్కువ బాధ.

ఇంకా, పొరపాటున నోట్లోకి పోయి మింగితే వాంతి చేయించకండి, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాల మీదకి వస్తుంది. కరోనా టైములో కొన్న ఎన్ 95 మాస్కు ఈ ఆవిరిని ఆపదు, అది దుమ్ముకే. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే లేచి గాలిలోకి వచ్చేయండి.

కలాసిపాళ్యం పాత మెకానిక్

నోటితోనే ఊదుతాం మేడం, అందరం అంతే. మా గురువు కూడా అంతే. చేతులు చలికాలం వస్తే మడమల మాదిరి పగుల్తాయి, కారం కలిపిన అన్నం చేత్తో తినలేను, చెంచా వాడతా. పెట్రోల్ వల్లనే అని లోపల తెలుసు. కొడుకు నైట్రైల్ గ్లవ్స్ తెచ్చిచ్చినాడు, పెట్టెలోనే ఉండాయి. రేపు తీస్తా. నోటితో ఊదేది కూడా ఇంక మానేస్తా, సైకిల్ పంపు ఉండాది కదా, దాంట్లో రవ్వ రాదు.

పెట్రోల్ మటుకు మానను, నా గిరాకీకి స్ప్రే రేటు కుదరదు. తక్కువ పోసుకుంటా, వంద మిల్లీ చాలు, అర లీటరు ఎందుకు.

కర్రీపాయింట్ తమ్ముడు (మారతహళ్ళి)

అందరికీ థ్యాంక్స్. స్ప్రే వాడితే చాలు అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా, అక్క చెప్పకపోతే రేపు అదే సందులో స్ప్రే కొట్టేవాణ్ణి. ఇంట్లో పెట్రోల్ వద్దు అన్నది మాత్రం వదలను. పెద్దాయనకి ముప్పై ఏళ్ళ చెయ్యి ఉంది, షెడ్డు ముందు గాలి ఉంది. మాలాంటి వాళ్ళకి ఉన్నది సందు, చుట్టూ పిల్లలు, పక్కనే సిలిండర్లు.

నిన్న ఆదివారం సాయంత్రం ఐదింటికి డాబా మీద చేశా. జెన్‌సెట్ అన్నా, తెల్ల పొడి లేదు, జిగురే. రబ్బర్లన్నీ విప్పి సబ్బు నీళ్ళలో వేశా, గాలి, పెట్రోల్ పాళ్ళు సరిచేసే స్క్రూని తీసేముందు లోపలికి బిగించి, మళ్ళీ అదే చోట పెట్టడానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టుకున్నా, ఒకటిన్నర చుట్లు. బయటి మట్టి ముందే డిటర్జెంట్ నీళ్ళతో కడిగి ఆరబెట్టడం వల్ల స్ప్రే పావు డబ్బా కూడా పట్టలేదు పెద్దాయనా, జెట్లకి, లోపలి దార్లకి మాత్రమే కొట్టా. కళ్ళద్దాలు పెట్టుకున్నా, పక్కన బకెట్ ఇసుక, పెద్ద మూత. సైకిల్ పంపుతోనే ఊదా. ముందు ట్యాంకులో పాత పెట్రోల్ మొత్తం తీసి ఇనప క్యాన్‌లోకి పట్టా. అన్నీ బాగా ఆరాక సాయంత్రం ఏడున్నరకి బిగించి లాగితే రెండో లాగుకే అందుకుంది, చోక్ తీసేసినా ఆగలేదు.

ఒక్క సంగతి మిగిలింది. ఆ క్యాన్‌లో రెండు లీటర్ల కుళ్ళిన పెట్రోల్ ఉంది, కాలవలో పోయమని పక్క షాపాయన అంటున్నాడు, నాకు మనసొప్పట్లేదు.

వైట్‌ఫీల్డ్ జెన్‌సెట్ సర్వీస్

కాలవలో అస్సలు వద్దు, మూసి ఉన్న డ్రైనేజీలో ఆవిరి నిలిచిపోయి ఎక్కడో ఎవరో వెల్డింగ్ చేస్తుంటే అక్కడ పేలుతుంది. మన మురుగు పోయి చేరే బెళ్ళందూర్ చెరువు 2017 ఫిబ్రవరిలో, మళ్ళీ 2018 జనవరిలో తగలబడటం మనమే చూశాం కదా. క్యాన్ మూత గట్టిగా బిగించి నీడలో పెట్టు, బుధవారం నేను అటువైపే వస్తున్నా. మా దగ్గర వాడేసిన ఆయిల్, సాల్వెంట్ తీసుకెళ్ళే లైసెన్సు ఉన్న బండి నెలకోసారి వస్తుంది, దాంట్లో వేసేద్దాం.