దుకాణంలో ముఠా చోరీలు: 112వ సెక్షన్ కింద ఫిర్యాదు నమోదు చేయించడం ఎలా?

గుంటూరు జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో నేను, నా భార్య 12 ఏళ్లుగా కిరాణా దుకాణం నడుపుతున్నాము. గత 3 నెలల్లో ఒకే ముఠా 4 సార్లు వచ్చినట్లు సీసీ కెమెరా దృశ్యాల్లో గమనించాము. ఇద్దరు బియ్యం బస్తా చూపించమంటూ మా కుర్రవాణ్ణి వెనుక గదిలోకి తీసుకువెళ్లగా, మిగిలినవారు నెయ్యి సీసాలు, పసిపిల్లల పాలపొడి డబ్బాలు, తలనూనెలు, అంటే ఎక్కువ ధర పలికి మరొకచోట తేలికగా అమ్ముడయ్యే సరుకులను సంచుల్లో వేసుకుని వెళ్లిపోతున్నారు. ఇంటి అవసరానికైతే ఒకేసారి 9 పాలపొడి డబ్బాలు ఎవరూ తీసుకువెళ్లరు. ఆ కుర్రవాడు నష్టాన్ని తన జీతంలో కోసుకోమన్నాడు. ఆ మాట నన్ను ఎంతో బాధపెట్టింది.

ఫిర్యాదు చేయబోతే, ఒక్కోసారి పోయిన సరుకు విలువ 5,000 రూపాయలైనా లేదని చెప్పి పంపించారు. అయితే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్, ముఠా సభ్యులు చేసే దుకాణ చోరీని కూడా చిల్లర వ్యవస్థీకృత నేరంగా పేర్కొని, ఏడాదికి తగ్గకుండా 7 ఏళ్ల వరకు జైలుశిక్షను, జరిమానాను నిర్దేశించింది. నాలుగు ఘటనలనూ కలిపి ఈ సెక్షన్ కింద ఒకే ఫిర్యాదుగా నమోదు చేయించిన అనుభవం మీలో ఎవరికైనా ఉన్నదా? ఫిర్యాదులో ఏయే వివరాలు తప్పక రాయాలి?

మా రికార్డరులో దృశ్యాలు 15 రోజులకు చెరిగిపోతాయి కనుక ఎప్పటికప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఉంచాను. ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఇవ్వాలని భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే ధ్రువపత్రంలో నిపుణుడు పూరించవలసిన భాగాన్ని చిన్న పట్టణాల్లోని వ్యాపారులు ఎవరిచేత రాయిస్తున్నారో దయచేసి తెలియజేయగలరు.