తోయదమండలాగ్రమున... ‘కల్లంతై’ నా, ‘నల్లంతై’ నా?

చంద్రగిరి పాఠకుడు:
సైన్స్ దినోత్సవం నాడు మా అమ్మాయిని గాదంకి వాతావరణ పరిశోధనాలయానికి తీసుకువెళ్ళాను. రాడార్ అంటే గిర్రున తిరిగే పెద్ద గిన్నె అనుకున్నాను. చూస్తే మైదానం నిండా యాంటెన్నాలు! దూరదర్శన్ రోజుల్లో మిద్దెల మీద ఉండేవే, ముప్పై రెండు వరుసలు, వరుసకు ముప్పై రెండు, మొత్తం 1024. అన్నీ తల పైకెత్తి ఉన్నాయి. అక్కడ నిలబడగానే పోతన భాగవతంలో వామనుడు ఆకాశమంత పెరిగే ‘ఇంతింతై వటుడింతయై’ పద్యం నోటికి వచ్చింది. నభోవీధి దాకా సాఫీగా సాగి తోయదమండలం (మేఘమండలం) దగ్గర ఆగిపోయాను. ‘అగ్రమున కల్లంతై’ అనాలా, ‘అగ్రమున నల్లంతై’ అనాలా? పద్యం నేర్పిన మా నాన్నగారు ‘న’ అనేవారని గుర్తు. ఇంకో సందేహం: మేఘాలు ఆగిపోయే ఎత్తుకు, అంటే ట్రోపోపాజ్‌కు, ‘తోయదమండలాగ్రం’ అనవచ్చా?

చిత్తూరు తెలుగు పంతులు:
కల్లంతై. అచ్చు పుస్తకాల్లో అదే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం, చూడండి: పైన్+అంతై, అల్ల+అంతై. అకారానికి అకారం, పదమూడో అక్షరం దగ్గర చక్కగా కూర్చుంది.

పాకాల పాఠకుడు:
పంతులు గారూ, యతి పదమూడో అక్షరానిది. తగవు పన్నెండోదాని మీద. అక్కడ ‘క’ వేసినా ‘న’ వేసినా శార్దూలం చెడదు, యతీ చెడదు. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు, అర్థమే చెప్పాలి. అగ్రమునకు అంటే ఆ కొసతో సరితూగేంత. అగ్రమునన్ అంటే ఆ కొస దగ్గర. నా ఓటు ‘క’కే, ఎందుకంటే తరువాతి పాదంలో ‘చంద్రుని కంతయై’ ఉంది కదా.

చిత్తూరు తెలుగు పంతులు:
ఒప్పుకుంటున్నాను. అయితే అసలు రుచి ‘అల్ల’లో ఉంది. పద్యంలో ఇన్ని అంతైలు ఉన్నాయి, అల్లంతై ఒక్కటే. తిరుపతి వాళ్ళకు ఇది చెప్పాలా? ‘అదివో అల్లదివో’ అన్నప్పుడు అన్నమయ్య వేలు ఎటు చూపిస్తుంది? ఎదురుగా కనిపిస్తూ, చేతికి అందకుండా ఉన్న కొండవైపు. పోతన కూడా మనిషి కన్ను చేరగల చివరి ఎత్తును వేలితో చూపించాడు. మేఘాల కొస దాటాక చూపు లేదు, ఊహే.

శ్రీకాళహస్తి పాఠకురాలు:
మరి చంద్రుడు కంటికి కనిపించడా అండీ? ధ్రువ నక్షత్రం?

చిత్తూరు తెలుగు పంతులు:
కనిపిస్తారమ్మా. కానీ వాటి ఎత్తు మన కంటికి అందుతుందా? మబ్బు ఎత్తు అందుతుంది. తొలకరికి ముందు సాయంత్రం పాకాల వైపు ఉరుముల మబ్బు లేచి, పైన కమ్మరి దాగలిలా చదునుగా పరచుకోవడం చూడండి. అక్కడితో ఆగిందని చూపుకే తెలుస్తుంది.

తిరుపతి భౌతికశాస్త్ర విద్యార్థిని:
ఆ దాగలి పరచుకునేది ఇంచుమించు ట్రోపోపాజ్ దగ్గరే. మన వైపు 16, 17 కిలోమీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ చలి పెరుగుతుందనుకునే రోజుల్లో, పారిస్ దగ్గర త్రాప్‌లో తన సొంత పరిశీలనాలయం నుంచి ఫ్రెంచ్ వాతావరణ శాస్త్రవేత్త తెసరాన్ ద బోర్ వందలాది బెలూన్లు ఎగరేశాడు. అక్కడ సుమారు 11 కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత తగ్గడం ఆగిపోయేది. పరికరానికి ఎండ తగిలి తప్పు చూపుతోందేమోనని రాత్రులు కూడా ఎగరేసి చూసి, 1902లో ప్రకటించాడు. ట్రోపోపాజ్‌కు పైనున్న పొర, స్ట్రాటో ఆవరణం, అలా బయటపడింది. గాదంకి రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపి, గాలి సుడుల నుంచి తిరిగివచ్చే బలహీనమైన ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. ఆ పౌనఃపున్యంలో వచ్చే మార్పే గాలి వేగం చెబుతుంది. అయితే సుమారు 30 నుంచి 60 కిలోమీటర్ల మధ్య దానికి ప్రతిధ్వని అందదు. ఆ ఖాళీని అక్కడి లైడార్, అంటే లేజర్ కాంతితో గాలిని పరిశీలించే పరికరం, పూరిస్తుంది. రాత్రిపూట ఆకుపచ్చ లేజర్ కిరణం నిట్టనిలువుగా పైకి పోతుంది. పద్యంలో మేఘాల తరువాత వచ్చేది ‘ప్రభారాశి’. ఆ కిరణం చూసిన రాత్రి నుంచి నాకు ఆ మాటకు వేరే అర్థం తోచడం లేదు.

పాకాల పాఠకుడు:
అమ్మా, ప్రభారాశి అంటే సూర్యుడు. పురాణాల లెక్కలో సూర్యుడికి పైన చంద్రుడు, ఆపైన ధ్రువుడు, ఆపైన మహర్లోకం. పోతన ఆ వరుస తప్పలేదు.

తిరుపతి భౌతికశాస్త్ర విద్యార్థిని:
వరుస మీరు చెప్పినదే, కాదనను. ఒక్కో పొరనూ దాటి పైకి కొలుస్తూ పోయే ఆ చూపు మాత్రం మా పనికి చాలా దగ్గరగా ఉంది.

చంద్రగిరి పాఠకుడు:
నా రెండో సందేహం అలాగే ఉండిపోయింది. పాఠ్యపుస్తకాల్లో ట్రోపో ఆవరణం, స్ట్రాటో ఆవరణం అని సగమే తెలుగు చేశారు. తోయదమండలాగ్రం పిల్లల నోరు తిరగదంటే ‘మబ్బుకొస’ అందామా?

శ్రీకాళహస్తి పాఠకురాలు:
మాట ముద్దుగా ఉంది. కానీ మబ్బు తునక లేని వేసవి మధ్యాహ్నం కూడా ఆ హద్దు అక్కడే ఉంటుంది కదా. ఆ రోజు మబ్బుకొస ఎక్కడుందని మీ అమ్మాయి అడిగితే?